సెకండాఫ్ బండి

హిందూపురం స్టేషన్లో దిగేసరికి పొద్దున ఏడైంది. టీ తాగి బయటికొస్తే మా మామ చేతిలో గోనెసంచితో నిలబడి ఉన్నాడు. సంచిలో ఏదో ఇనుము గలగలమంటోంది.

"ఏమ్రా అల్లుడా, ఎట్లుండావు? రా, ఈ సంచి పట్టుకో. జాగ్రత్తప్పా, అందులో నా ప్రాణం ఉండాది!"

తెరిచి చూస్తే ఆరు కనెక్టింగ్ రాడ్లు. ఒక్కొక్కటి జానెడు పొడవు. పాత షెవర్లే ఇంజనువి. రాడ్డు కింది కన్నంలో కొత్తగా పోసిన తెల్లటి లోహం అద్దంలా మెరుస్తోంది.

ఏ సినిమాలోనైనా హీరో ఎంట్రీకి ముందు దుమ్ము లేస్తుంది, టాపు లేని జీపు దూసుకొస్తుంది, నేల టిక్కెట్టు వాళ్ళు కాగితాలు చింపి ఎగరేస్తారు. మన కథలో హీరో ఎంట్రీ అలా ఉండదు. మన హీరో నలభై ఏళ్ళకు పైగా చింతచెట్టు కింద పడుకుని ఉన్నాడు. ఒంటినిండా తుప్పు. సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. పేరు షెవర్లే పికప్పు, 1948 మోడల్. ఊరు పెనుకొండ.

ఈ హీరో చేత నిలుచున్నచోటు నుంచి పరుగు తీయించి, గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటించాలన్నది మా మామ పంతం. ఎందుకయ్యా అంటే ముందు మీకో రాత్రి సంగతి చెప్పాలి.

ఇంటర్వెల్ దాకా ఒక ఊళ్ళో...

ఇప్పుడు సినిమా శాటిలైట్ ద్వారానో, హార్డ్ డిస్కులోనో థియేటరుకి వస్తుంది. ఒకేరోజు ఒకే గంటకు అన్ని ఊళ్ళలో బొమ్మ పడుతుంది. అప్పట్లో అలా కాదు. సినిమా అంటే బరువు. మోసుకురావలసిన వస్తువు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండు ముప్పావు గంటల సినిమాకి పదిహేను రీళ్ళు కావాలి. అవి రేకు పెట్టెల్లో వచ్చేవి. ఊళ్ళో కుర్రాళ్ళు "బాక్సు వచ్చిందా?" అని అడిగేవాళ్ళు గాని "సినిమా వచ్చిందా?" అని అడిగేవాళ్ళు కాదు.

మా జిల్లాలు సినిమా వ్యాపారంలో 'సీడెడ్'. అన్నట్టు ఈ మాట ఎక్కడిదో తెలుసా? 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. అందుకని 'దత్తమండలాలు'. దాని ఇంగ్లీషు పేరు సీడెడ్. రాజ్యాలు పోయాయి, కంపెనీ పోయింది. సినిమా పోస్టర్ మీద, కలెక్షన్ల లెక్కల్లో ఆ మాట మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. 1928లో పుట్టిన 'రాయలసీమ' పేరు కూడా దాన్ని సినిమావాళ్ళ నోటి నుంచి తప్పించలేకపోయింది!

ప్రింట్లు తక్కువ, ఊళ్ళు ఎక్కువ. ఒకే ప్రింటుని రెండు ఊళ్ళు పంచుకునేవి. 1978 సంక్రాంతి రోజుల్లో ఒకనాడు హిందూపురంలో ఫస్ట్ షో, అదే ప్రింటుతో పెనుకొండలో సెకండ్ షో. ఇంటర్వెల్ కాగానే మొదటి సగం రీళ్ళు వేరే లారీలో వెళ్ళిపోయాయి. ఆట పూర్తయ్యాక రెండో సగం తీసుకుని బయల్దేరాలి. పెనుకొండలో ఇంటర్వెల్ ముగిసేలోగా అందాలి. మధ్యలో నలభై కిలోమీటర్లు.

ఆ బాక్సు బండి డ్రైవరు మా మామ. అప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. బండి ఈ షెవర్లేనే. పగలంతా మైకు కట్టుకుని, అట్టల పోస్టర్లు నిలబెట్టుకుని పబ్లిసిటీ తిరిగేది. రాత్రి బాక్సులు మోసేది.

ఆ రాత్రి హిందూపురంలో కరెంటు పోయి ఆట అరగంట లేటయింది. పెనుకొండలో జనం హౌస్ ఫుల్. సావుకారి పిలిచి ఒక్కటే మాట అన్నాడట: "బండి జాగ్రత్తప్పా. బొమ్మ లేటైతే నేను సర్ది చెప్పుకుంటా."

మామ వినలేదు. హీరో సెకండాఫ్ తన చేతుల్లో ఉంది! సోమందేపల్లి దాటి పెద్దరోడ్డు ఎక్కాక యాక్సిలేటరు నేలకి తొక్కిపెట్టాడు. ఎక్కడో కింద 'టిక్కు... టిక్కు...' మని వినబడింది. కాలు తియ్యలేదు. టిక్కు కాస్తా 'టకటక' అయింది. కాలు తియ్యలేదు. పెనుకొండ ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా 'ధడాల్'మని ఇంజను పట్టేసింది.

బాక్సు నెత్తిన పెట్టుకుని చీకట్లో పరుగెత్తాడు. దారిలో ఒక రైతు సైకిలు ఎక్కించుకున్నాడు. థియేటరులోకి అడుగు పెట్టేసరికి జనం కుర్చీలు విరగ్గొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. బాక్సు చూసి ఈలలు! ఆ ఈలలు హీరోకి కాదు, మా మామకి. జీవితంలో ఒక్కసారే.

తెల్లారి ఎడ్లను కట్టి బండిని లాక్కొచ్చి థియేటరు వెనక చింతచెట్టు కింద పెట్టారు. సావుకారి తిట్టలేదు, కొట్టలేదు, జీతం కూడా కోయలేదు. ఇంజను బాగు చేయించడానికి మాత్రం ఆయన దగ్గర డబ్బు కూడలేదు. ఆ బండి మళ్ళీ లేవలేదు.

"తిట్టింటే బాగుండేది రా అల్లుడా," అంటాడు మామ. "తిట్టలేదు సూడు, అదే ఈ పొద్దుకీ నొప్పి."

ఏ సినిమా అని మీరు అడుగుతారు. మామ చెప్పడు. చెబితే ఇంకో హీరో అభిమానులు కొట్లాటకి వస్తారట!

ఉప్పు నేల మీద ఒక తాత

తప్పు నాదే. రెండేళ్ళ కిందట మామకి 'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' సినిమా చూపించాను. 2005లో వచ్చింది. రోజర్ డొనాల్డ్‌సన్ డైరెక్షన్, ఆంథొనీ హాప్కిన్స్ హీరో. పేరు చూసి మనవాడెవరో అనుకునేరు. 'ఇండియన్' అన్నది అమెరికా మోటార్ సైకిలు పేరు సుమా!

బర్ట్ మన్రో అని న్యూజిలాండ్ మనిషి. 1920 మోడల్ ఇండియన్ స్కౌట్ బండి కొన్నాడు. కొన్నప్పుడు దాని వేగం గంటకు 55 మైళ్ళు. అదే బండిని తన షెడ్డులో దశాబ్దాల పాటు చెక్కుతూ, పిస్టన్లు కూడా తనే కరిగించి పోసుకుంటూ, 1967లో 68 ఏళ్ళ వయసున అమెరికా తీసుకెళ్ళి వెయ్యి సీసీ లోపు తరగతిలో రికార్డు పెట్టాడు. గంటకు 184 మైళ్ళ పైచిలుకు, అంటే 296 కిలోమీటర్లు!

ఆయన పరుగు తీసింది బాన్‌విల్ అనే చోట. యూటా రాష్ట్రంలో కనుచూపుమేర ఉప్పు మైదానం. అక్కడ 1949 నుంచి స్పీడ్ వీక్ పేరుతో ఏటా వేసవిలో జాతర జరుగుతుంది. వాన నీళ్ళు నిలిచి ఉప్పు మెత్తబడిన ఏడు మానేస్తారు. నడిపేది సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్, 1937లో పుట్టింది. వచ్చేవాళ్ళు కోటీశ్వరులే కాదు, మెకానిక్కులు, బడిపంతుళ్ళు, రిటైరైన తాతలు. పక్కపక్కన పందెం ఉండదు. ఒక్కో బండీ ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది. బాడీని బట్టి, ఇంజను సైజుని బట్టి తరగతులుంటాయి. పాత పికప్పు ట్రక్కులకీ చోటుంది. రికార్డు కావాలంటే ఒక్కసారి పోతే చాలదు. మళ్ళీ పోవాలి. రెండు పరుగుల సగటు చూస్తారు. గాలివాటున ఒకసారి కొట్టినదాన్ని వాళ్ళు లెక్కలోకి తీసుకోరు.

సినిమా అయిపోయాక మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆ యప్పకి అరవై ఎనిమిదా? నాకింకా ఆ వయసు రాలేదు రా."

వారం తిరక్కుండా సావుకారి కొడుకు దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇనుము ధర కట్టి బండి ఇచ్చేశాడు. పాత ఆర్సీ పుస్తకం కూడా ట్రంకు పెట్టెలోంచి వెతికి ఇచ్చాడు.

కాగితం మీద కొట్టిన బ్రేకు

మామ మొదటి కోరిక చిన్నదేం కాదు. గంటకు వంద మైళ్ళు! 160 కిలోమీటర్లు. నేను కాగితం, పెన్సిలు తీశాను.

బండి ఇంజను ఆరు సిలిండర్లది. 216 ఘనపు అంగుళాలు, అంటే మూడున్నర లీటర్లు. బలం 90 హార్స్ పవర్, నిమిషానికి 3300 చుట్ల దగ్గర. వెనక ఇరుసు పళ్ళ లెక్క 4.11. అంటే ఇంజను నాలుగు చుట్ల పైచిలుకు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు పోయేది దాదాపు 2 మీటర్ల 27 సెంటీమీటర్లు. గుణించి భాగిస్తే 3300 చుట్ల దగ్గర బండి వేగం గంటకు 110 కిలోమీటర్లు. 160 కావాలంటే ఇంజను 4800 చుట్లు తిరగాలి. తిరగదు. తిరిగితే బతకదు.

పోనీ ఇరుసు పళ్ళు మారుద్దామా అంటే గాలి ఒప్పుకోదు. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. 110 నుంచి 160కి పోవాలంటేనే మూడు రెట్లు. పైగా పికప్పు అంటే ముందు గది, వెనక తొట్టి. క్యాబిన్ మీంచి దూకిన గాలి తొట్టిలో పడి సుడి తిరిగి బండిని వెనక్కి పట్టి లాగుతుంది.

"ఇంజనే మార్చేస్తే?" అన్నారు మా వాళ్ళంతా. కొత్త డీజిల్ ఇంజను పెడితే వంద మైళ్ళేం ఖర్మ!

మామ తల అడ్డంగా ఊపాడు. "నేను చంపింది ఈ ఇంజన్ని. లేపాల్సింది దీన్నే."

అప్పుడు నేనో బేరం పెట్టాను. ప్రపంచంలో మొట్టమొదటి నేల మీది వేగం రికార్డు 1898 డిసెంబరులో ఫ్రాన్సులో పడింది, గంటకు 63.15 కిలోమీటర్లు. ఆ మరుసటి ఏడే, 1899లో, బెల్జియం మనిషి కామీ జెనాట్జీ వంద దాటాడు, 105.88. అదీ బ్యాటరీ కారుతో! ఇవాళ రికార్డు 1227 కిలోమీటర్ల పైమాటే. 1997లో ఆండీ గ్రీన్ 'థ్రస్ట్ ఎస్.ఎస్.సి.' అనే జెట్ బండిలో ధ్వనివేగాన్నే దాటేశాడు. మనకి దాని జోలి వద్దు. 1899 రికార్డు దాటుదాం. ఇంజను 3200 చుట్ల లోపే ఉంటుంది.

మామ నవ్వాడు. "సరే పో. నూటిరవై ఏళ్ళ కిందటోడితో పందెం. వాడూ ఇప్పుడు రాడు, మనకీ సిగ్గుండదు!"

హిందూపురం: తెల్ల లోహం

ఆ ఇంజను ఎందుకు పట్టేసిందో హిందూపురం లేతు షాపులో పెద్ద మేస్త్రి విప్పి చూపించాడు. ఇప్పటి ఇంజన్లలో రాడ్డు బేరింగుకి ఆయిలు పంపు ఒత్తిడితో అందుతుంది. ఈ షెవర్లేలో అట్లా కాదు. రాడ్డు కింద చిన్న గరిటెలాంటిది ఉంటుంది. తిరిగినప్పుడల్లా ఆ గరిటె నూనె తొట్టిలో మునిగి చిమ్ముకుంటూ పోతుంది. మామూలు వేగానికి అది చాలు. అదేపనిగా తొక్కితే చాలదు. నూనె ఆరుతుంది, తెల్ల లోహం కరుగుతుంది, రాడ్డు క్రాంకుని పట్టేస్తుంది. 1978లో జరిగింది అదే.

వైట్ మెటల్ అంటే తగరంలో కాస్త ఆంటిమొనీ, రాగి కలిపిన లోహం. దాన్ని రాడ్డులో పోసే పని తెలిసినవాళ్ళు ఇప్పుడు అరుదు. ఈ మేస్త్రికి ఎనభై దగ్గర. చేతులు వణుకుతాయి. గరిటె పట్టగానే వణుకు ఆగిపోతుంది! రాడ్డుకి తగరం పూత పూసి, మధ్యలో ఇనుప గుండు నిలబెట్టి, కరిగిన లోహంలో చీపురుపుల్ల ముంచి దాని రంగు చూసి, ఒక్క ధారగా పోశాడు. ఆరాక లేతు మీద తొలిచి, నీలం రంగు పూసి, ఎక్కడ రాస్తోందో చూస్తూ చేత్తో గీకాడు. ఒక్కో రాడ్డుకి ఒక రోజు.

"అన్నా, 3200 తిప్పొచ్చా?" అన్నాడు మామ.

"తిప్పొచ్చు. నిమిషం తిప్పు. ఇది మాట్లాడతాది, వినాల. అంతే."

షెవర్లే అనగానే హిందూపురంలో ఒకటి చెప్పక తప్పదు. ఆ రోజుల్లో మన దేశంలో తిరిగిన షెవర్లేలు చాలావరకు బొంబాయిలో బిగించినవే. జనరల్ మోటార్స్ అక్కడ 1928లో ఫ్యాక్టరీ పెట్టి 1954లో మూసేసింది. సామాన్లు దొరకడం ఆగిపోయినా మన మెకానిక్కులు ఆ బండ్లను చావనివ్వలేదు. తెలుగునాట అన్నిటికన్నా పేరుపొందిన షెవర్లే ఏదో మీకు చెప్పాలా? చైతన్యరథం! 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టాక ఎన్.టి.రామారావుగారు ఊరూరా తిరిగింది ఒక పాత షెవర్లే వ్యానుని మార్పించుకున్న బండిలోనే. పైకెక్కి మాట్లాడే ఏర్పాటు దానికి ఉండేది. స్టీరింగు హరికృష్ణగారి చేతిలో. 1983 జనవరి 9న రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1985, 1989, 1994లో ఆయన్ని గెలిపించి పంపిన ఊరు ఈ హిందూపురమే. 2014 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే బాలకృష్ణ.

రాజకీయం ఎవరిది వాళ్ళకి వదిలేద్దాం. ఒక మెకానిక్ కళ్ళతో చూడండి. అప్పటికే పాతబడిన బండి, ఎండల్లో, మట్టిరోడ్ల మీద, నెలల తరబడి. దానికి బేరింగులు కాచుకున్న మెకానిక్కుల పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ పడలేదు!

పెనుకొండ: పాత కోట, కొత్త కార్లు

రాడ్ల సంచితో బస్సెక్కి పెనుకొండ చేరాం. ఊరి మీద కొండ, కొండ మీద కోట. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు హంపీ వదిలి రాజధానిగా చేసుకున్న ఊరిది. ఓడినవాళ్ళు లేచి నిలబడడానికి ఎంచుకున్న చోటన్నమాట! గగనమహల్ ఇప్పటికీ ఉంది. చూడని వాళ్ళు చూడండి.

కొండ దిగితే ఇంకో యుగం. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. హైవే మీద కొత్త కార్లను మోసుకుపోయే పొడుగాటి ట్రాలీలు. ఆ పక్కనే చింతచెట్టు కింద మా షెవర్లే. పాత థియేటరు ఇప్పుడు కళ్యాణమండపం. మేం ఇంజను బిగిస్తుంటే లోపల్నుంచి బ్యాండు మేళం.

ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్ళు షిఫ్టు అయ్యాక వచ్చి నిలబడేవాళ్ళు. ఒకడు ఆయిలు గేజి చూసి కంగారుపడ్డాడు. "తాతా, ప్రెషరు పద్నాలుగే చూపిస్తాంది. ఇంజను పోయినట్లే!"

"దానికి అంతేప్పా," అన్నాడు మామ. "ముసలోడికి బీపీ తక్కువే ఉండాల!"

ఇక్కడే రెండో చిక్కు. చట్టం. రోడ్డు మీద పందెం నేరం, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను. అది సరే, మనకి రోడ్డు వద్దు. 2021లో కేంద్రం పాతబండ్లకి కొత్త రూలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వి.ఎ.' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. ఎగ్జిబిషన్‌కి, ర్యాలీకి తీసుకెళ్ళొచ్చు. రోజువారీ తిప్పుకోడానికి, సంపాదనకి కుదరదు. ఛాసిస్సు, బాడీ, ఇంజను మార్చకూడదు. మా ఆర్సీలో 'సరుకుల బండి' అని ఉంది, ఆ ముడి ఆఫీసులో విప్పుకోవాలి. ఇంజను మార్చి వేగం కొట్టుంటే మాత్రం ఆ తలుపు ఎప్పటికీ మూసుకుపోయేది. మామ పట్టుదల అక్కడ మమ్మల్ని కాపాడింది.

ధర్మవరం: పట్టు పారాచూట్!

బాన్‌విల్‌లో మరీ వేగంగా పోయే బండ్లకి వెనక పారాచూట్ కడతారు, బ్రేకులు చాలవు కనక. ఈ మాట మామ చెవిన వేశాను. అంతే!

"ధర్మవరం పోదాం. పట్టు పారాచూట్ నేయిస్తా. జరీ అంచుతో!"

ధర్మవరం పట్టు సంగతి మీకు నేను చెప్పాలా? ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గం చప్పుడు. మా అత్త పెళ్ళిచీర కూడా అక్కడిదే. పారాచూట్ మాట ఆవిడ చెవిన పడింది. తర్వాత జరిగిన సంభాషణ సెన్సారుకి పోయింది.

మేం ధర్మవరం వెళ్ళింది నిజానికి టార్పాలిన్ కోసం. తొట్టి మీద బిగుతుగా కప్పితే గాలి లోపల సుడి తిరగదు. జంక్షన్ దగ్గర లారీ టార్పాలిన్లు కుట్టే ఆయన కొలతలు తీసుకుని "ఏం లోడేస్తారన్నా?" అని అడిగాడు.

"గాలి," అన్నాడు మామ. "గాలి లోపలికి రాకుండా కప్పాల."

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి అడ్వాన్సు మొత్తం ముందే తీసుకున్నాడు.

పరుగు తీసిన రోజు

మన దేశంలో అమెచ్యూర్లు వేగం కొట్టడానికి ఒకప్పుడు పెద్ద పేరున్న చోటు మద్రాసు దగ్గరి షోళవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్ స్ట్రిప్ అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు అక్కడ రేసులు నడిపేది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చాక ఆ కాలం ముగిసింది. మాకు ఎయిర్ స్ట్రిప్పు లేదు, ఉప్పు మైదానం లేదు. ఉన్నది రియల్ ఎస్టేట్!

కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల వెంచర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య ఒకదానిలో ప్లాట్లు అమ్ముడుపోలేదు, ఇళ్ళు రాలేదు. నిట్టనిలువున కిలోమీటరున్నర తారురోడ్డు మాత్రం ఉంది. చుట్టూ కంచె, గేటు. యజమానిని అడిగి, కాగితం మీద ఒప్పుకోలు రాయించుకుని, బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాం. హెల్మెట్టు, కొత్తగా బిగించిన సీటు బెల్టు, మంటలార్పే సిలిండరు. రోడ్డు పక్కన మనిషన్నవాడు ఉండకూడదని ఫ్యాక్టరీ కుర్రాళ్ళు గేటు దగ్గరే కాపలా.

రోడ్డు నడిమిన రెండు వందల మీటర్లు టేపుతో కొలిచి సున్నంతో రెండు గీతలు గీశాం. గీతకొకరు చొప్పున దూరంగా నిలబడి సైగ చేస్తే, స్టాప్ వాచ్ నా చేతిలో. బర్ట్ మన్రో మైలు కొలిస్తే మేం ఫర్లాంగు కొలిచాం!

సూర్యుడు ఇంకా కొండ మీదికి రాలేదు. గాలి లేదు. మామ క్లచ్ వదిలాడు.

మీరు ఊహించుకున్నట్టు టైర్లు కీచుమనలేదు, పొగ లేవలేదు. ముసలి ఏనుగు లేచినట్టు లేచింది. రెండో గేరు. ఇంజను గొంతు చిక్కబడింది. మూడో గేరు. టార్పాలిన్ డప్పులా బిగిసి ఒక్క ముడత పడలేదు. మొదటి గీత దాటింది, నేను బొత్తాం నొక్కాను. రెండో గీత.

7.2 సెకన్లు. లెక్క కట్టాను. గంటకు సరిగ్గా వంద కిలోమీటర్లు!

కుర్రాళ్ళ ఈలలు! మామ బండి ఆపి దిగలేదు. కిటికీలోంచి "ఎంతా?" అన్నాడు. చెప్పాను. "ఇంకా ఉంది రా. దాని దగ్గర ఇంకా ఉంది. తిప్పుకొస్తా."

ఇంజను చల్లారనిచ్చి, నూనె చూసి, బండి తిప్పాం. తిరుగు పరుగు. ఈసారి మొదటి నుంచే గొంతు వేరుగా ఉంది, ఇంకా గట్టిగా లాగుతోంది. నేను గీత దగ్గర నిలబడి వింటున్నాను. ఈసారి 105 దాటుతుంది, అనుమానం లేదు. జెనాట్జీ తాతా, కాచుకో!

అప్పుడు ఇంజను గొంతు ఒక్కసారిగా తగ్గింది. మొదటి గీతకి ఇంకా ముందే మామ కాలు తీసేశాడు. బండి ఊరికే దొర్లుకుంటూ గీతలు దాటింది. 8.4 సెకన్లు. 86 కిలోమీటర్లు. రెండు పరుగుల సగటు 93 దగ్గర ఆగింది. 1898 రికార్డుని చిత్తుగా కొట్టాం. 1899 రికార్డు అలాగే ఉండిపోయింది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. "ఏమైంది మామా? ఎందుకు తీసేశావు? పోయేది కదా!"

మామ హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంజను ఇంకా నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.

"టిక్కుమంది రా," అన్నాడు.

నాకేం వినబడలేదు. అక్కడెవరికీ వినబడలేదు.

మరుసటి వారం సంపు విప్పి చూశాం. అయిదో రాడ్డు తెల్ల లోహం మీద వెంట్రుకంత చీలిక. పెద్ద మేస్త్రి దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకో అర నిమిషం తొక్కింటే మళ్ళీ చింతచెట్టే," అన్నాడు. ఆ ఒక్క రాడ్డుకి కొత్త లోహం పోయడానికి ఆయనకో రోజు పట్టింది.

ఇంజను మళ్ళీ బిగించిన నాడు మామ ఆ బండిని కళ్ళాపి చల్లినంత నెమ్మదిగా నడిపి కళ్యాణమండపం ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. పక్క సీటులో సావుకారి కొడుకు. తండ్రి నడిపిన బండిలో ఆయన చిన్నప్పుడు ఎక్కింది తప్ప ఇదే ఎక్కడం. దిగాక డ్యాష్ బోర్డు మీద చేయి వేసి కాసేపు నిలబడి, "నాయన ఉండుంటే..." అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేదు.

మామ చెట్టు వైపు చూస్తూ అన్నాడు: "ఆ పొద్దు బండి జాగ్రత్త అన్నాడప్పా మీ నాయన. ఈ పొద్దుకి ఇన్నా."

వచ్చే వేసవికి 106 కొడతామా అని నేనడిగితే మామ ఇంకా జవాబు చెప్పలేదు. ఆర్టీవో ఆఫీసుకి ఇవ్వాల్సిన కాగితాలు మాత్రం సిద్ధం చేసుకుంటున్నాడు. మీరెవరైనా పెనుకొండ వైపు వెళ్తే, కోట చూశాక కళ్యాణమండపం వెనక్కి ఒకసారి తొంగి చూడండి. చెట్టు అదే, బండి అదే. సీటులో కోడి మాత్రం ఉండదు. దానికి మామ వేరే గంప కొనిపెట్టాడు!